డాక్టర్ గారి కారుకు పెద్ద కార్బొరేటర్

1977 ఎండాకాలంలో నన్ను కర్నూలు ప్రధాన వర్క్‌షాపు నుంచి ఆదోని శాఖకు వర్క్స్ మేనేజర్‌గా వేశారు. ఒక కార్ల డీలరు నడిపే వర్క్‌షాపు అది. హోదా వినడానికి పెద్దదే గాని నా కింద ఉన్నది ఒక హెడ్ మెకానిక్, కొందరు మెకానిక్‌లు, ఒక ఎలక్ట్రీషియన్, రేకు పని చేసే ఒకాయన, అంతే. పత్తి వ్యాపారుల అంబాసిడర్లు, పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లుల జీపులు, ఆఫీసర్ల బండ్లు మా దగ్గరికి వచ్చేవి. బండి రాగానే నేను యజమానితో మాట్లాడి ఫిర్యాదు రాసుకోవాలి. హెడ్ మెకానిక్ ఖాసిం సాబ్ పని పంచాలి. పని అయ్యాక నేను రోడ్డు మీద నడిపి చూసి సంతకం పెడితేనే బండి గేటు దాటాలి. అదీ పద్ధతి.

పద్ధతి ఇంత బాగున్నా, ఆదోనిలో బాగా డబ్బున్నవాళ్ళ బండ్లు చాలావరకు బళ్లారి పోయేవి. అక్కడ ఇబ్రహీం ఉస్తాద్ అనే మెకానిక్ ఉండేవాడు. వేగం కావాలంటే వేగం, హారను మోత కావాలంటే మోత, యజమాని ఏది అడిగితే అది చేసి పంపేవాడని పేరు. నాకు ఆటోమొబైల్ డిప్లొమా ఉంది. మద్రాసులో శిక్షణ పొందాను. అయినా సర్వీసుకు నా దగ్గరికి, మెచ్చుకోలుకు ఆయన దగ్గరికి పోయేవారు. ఆయన పేరెత్తితే చాలు, నాకు కడుపులో మండేది. ఆ మంట ఈ కథలో అడుగడుగునా ఉంటుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

మా ఖాతాదార్లలో ఒక డాక్టరు దంపతులు ఉండేవారు. భర్త శేషగిరిరావు గారు ఆదోనిలో జనరల్ ప్రాక్టీసు చేసేవారు. భార్య సులోచన గారు ప్రసూతి డాక్టరు. ఎమ్మిగనూరులో చిన్న నర్సింగ్ హోం పెట్టి, రోజూ ఆదోని నుంచి తనే కారు నడుపుకుంటూ పోయి వచ్చేవారు. ఆ రోజుల్లో మా వైపు ఆడవాళ్ళు కారు నడపడం అరుదు. రోడ్డు పక్క పత్తి చేలల్లో పనిచేసేవాళ్ళు నడుము ఎత్తి చూసేవారు. ఆమె ఎవరినీ పట్టించుకున్నట్టు కనిపించేవారు కాదు.

ముందు డాక్టరు గారు అంబాసిడర్ కొన్నారు. తర్వాత ఆమె ప్రాక్టీసు పెరిగి, ఒక మిల్లు యజమాని అమ్మిన అంబాసిడర్‌ను తన సంపాదనతో కొనుక్కున్నారు. రెండూ ఒకే మోడలు, ఒకే ఇంజను. ఆమెది ఇంకొకరు వాడి వదిలింది కూడా.

ఒక సోమవారం డాక్టరు గారు వచ్చి నా ఎదుట కూర్చున్నారు. మాట్లాడే ముందు రుమాలుతో కళ్ళజోడు తుడుచుకున్నారు.

"నరసింహులూ, నా బండికి పెద్ద కార్బొరేటర్ వేయాలప్పా. ఎప్పుడు తెమ్మంటావు?"

ఎందుకని అడిగాను. ముందు పికప్ తగ్గిందన్నారు. కొంచెంసేపటికి అసలు సంగతి బయటికి వచ్చింది. ముందురోజు బంధువులతో కలిసి మంత్రాలయం వెళ్ళారట. అక్కడి నుంచి భార్య ఎమ్మిగనూరు పోవలసి ఉండటంతో రెండు కార్లూ తీసుకుపోయారు. తిరుగుదారిలో మాధవరం దాటాక ఒక మిట్ట వచ్చింది. ఈయన కాలు చివరిదాకా తొక్కినా బండి ఈడ్చుకుంటూ ఎక్కుతుంటే, వెనకున్న ఆమె హారను కొట్టి పక్కకు తీసి దాటిపోయారు. కార్లో ఉన్న బావమరిది నవ్వాడు. ఆ నవ్వు దగ్గరికి వచ్చేసరికి డాక్టరు గారు మాట ఆపేశారు.

"అదే ఇంజను గదప్పా. ఆమెది ఎట్ల పోయింది?" అన్నారు. నేను జవాబు చెప్పేలోపే, బళ్లారిలో అయితే ఒక్క పూటలో వేసి ఇస్తారని కూడా అన్నారు.

ఆయన వెళ్ళిపోయాక ఖాసిం సాబ్ చేతులు తుడుచుకుంటూ, "సార్, ఇది కార్బొరేటర్ కత గాదు. ఇంట్లో కత," అన్నాడు. ఇంట్లో కత జాబ్ కార్డు మీద రాసే వీలు లేదు. నేను కార్బొరేటర్ సంగతే చూడాలి.

ఈ పని తెలియనివారికోసం రెండు మాటలు చెప్పాలి. కార్బొరేటర్ గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకు పంపుతుంది. దాని గొంతులో గుండ్రటి ఇత్తడి బిళ్ళ ఒకటి అడ్డంగా ఉంటుంది. దాన్ని థ్రాటిల్ అంటారు. యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ ఆ బిళ్ళ తిరిగి నిలువుగా నిలుస్తుంది, గాలికి దారి తెరుచుకుంటుంది. ఇంజను తాను పీల్చగలిగినంతే పీలుస్తుంది. దానికి సరిపడా గాలి వస్తున్నప్పుడు గొంతు ఇంకా పెద్దది చేస్తే లాభం లేదు, నష్టమే. నెమ్మదిగా పోయేటప్పుడు పెద్ద గొంతులో గాలి వేగం తగ్గుతుంది. పెట్రోలు సన్నని తుంపరగా మారకుండా తడితడిగానే లోపలికి పోతుంది. ప్లగ్గులు నల్లబడతాయి.

మరి ఎప్పుడు మార్చాలి? దానికి వాక్యూమ్ గేజ్ అనే సాధనం ఉంది. కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్యనున్న గొట్టానికి దాన్ని రబ్బరు ట్యూబుతో తగిలిస్తారు. గాలి దారి మూసి ఉంటే ఇంజను పీల్చే బలానికి గేజ్‌లో ముల్లు పైకి లేస్తుంది. టాప్ గేరులో మిట్ట ఎక్కిస్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ముల్లు సున్నా దగ్గరికి పడిపోవాలి. పడకుండా నిలబడితే, ఇంజను అడిగినంత గాలి ఆ గొంతులోంచి రావడం లేదని అర్థం. పెద్దది వేయవలసింది అప్పుడే. ముల్లు పడిపోతే వేయకూడదు.

వేయకూడదని చెప్పాలనే నాకు ఉంది. అది ఇంజను గురించి ఆలోచించి వచ్చిన కోరికో, బళ్లారి ఉస్తాద్ చేసే పని నేను చేయడమేమిటన్న కోపమో నాకే స్పష్టంగా లేదు. అందుకే ముందు ముల్లు చూద్దామన్నాను.

మర్నాడు పెద్దకడుబూరు వైపు రోడ్డు మీదికి పోయాం. డాక్టరు గారు నడుపుతున్నారు. నేను పక్క సీట్లో గేజ్ పట్టుకుని కూర్చున్నాను. మిట్ట రాగానే పూర్తిగా తొక్కమన్నాను. తొక్కారు. ముల్లు కొంత దిగి, అక్కడే నిలిచిపోయింది. మళ్ళీ వెనక్కి వచ్చి ఎక్కించాం. మళ్ళీ అంతే.

డాక్టరు గారు బండి పక్కకు ఆపి గేజ్ వైపు వంగి చూశారు. "నీ ముల్లే చెప్తాంది గదప్పా, గొంతు చాలదని," అన్నారు.

 నేను చెప్పిన పరీక్ష ప్రకారం ఆయనదే నిజం. గేజ్ లేకుండా, బండి చూడకుండా, బళ్లారిలో కూర్చున్న ఉస్తాద్ చెప్పేది కూడా నిజమే అవుతుంది. అది మింగుడుపడక దారి పొడవునా ఆలోచించాను. రెండు బండ్లకూ ఒకే ఇంజను, ఒకే కార్బొరేటర్. గొంతు ఇరుకైతే రెండింటికీ ఇరుకు కావాలి గదా! ఆమె బండికి లేని ఇరుకు ఈయన బండికి ఎక్కడినుంచి వచ్చింది?

వర్క్‌షాపులో ఇంజను ఆపించి, ఎయిర్ క్లీనర్ తీయించి, డాక్టరు గారిని డ్రైవరు సీట్లోనే కూర్చుని పూర్తిగా తొక్కమన్నాను. కార్బొరేటర్ గొంతులోకి చూస్తే బిళ్ళ నిలువుగా లేదు. సగం వాలి ఉంది. ఆయన మాత్రం, "తొక్కినాను, ఇంక దిగదు," అంటున్నారు. ఖాసిం సాబ్ పెడల్ నుంచి బిళ్ళ దాకా పోయే రాడ్డులు చూశాడు, సరిగానే ఉన్నాయి. అప్పుడు డ్రైవరు తలుపు దగ్గరికి పోయి కింద చేయి పెట్టి, "సార్, కాలెత్తండి," అన్నాడు. పెడల్ కింద, కాళ్ళ దగ్గర పరిచే ఆదోని జంఖానా ఒకటి రెండు మడతలు పడి ఉంది. కొత్తది, మందంగా ఉంది. అది లాగేసి తొక్కితే బిళ్ళ నిలువుగా నిలిచింది.

సులోచన గారి కార్లోనూ జంఖానా ఉండేదని మాకు తెలుసు. ఎమ్మిగనూరులో ఒక మగ్గం పనివాళ్ళ కుటుంబం, కాన్పు కష్టమై తల్లీబిడ్డా బతికినందుకు, ఆ కారు కొలతకే నేసి ఇచ్చారు. పలచగా, పెడల్ దగ్గర కత్తిరించి అంచు కుట్టి ఉంటుంది. కారెక్కినవాళ్ళంతా దాన్ని మెచ్చుకునేవారు.

డాక్టరు గారు నేల మీద పడి ఉన్న జంఖానా వైపు చూస్తూ, "ఆమె బండిలో ఉండాదని నేనూ కొనుక్కొచ్చినాను," అన్నారు. ఖాసిం సాబ్ దాన్ని దులిపి మడిచి వెనక సీట్లో పెట్టాడు.  సాయంత్రం మళ్ళీ మిట్ట ఎక్కించాం. ముల్లు సున్నా దగ్గరికి దిగింది. ఈ కార్బొరేటర్ చాలునని చెప్పి సంతకం పెట్టాను. బళ్లారి ఉస్తాద్ మీద గెలిచానన్న సంతోషంతో ఆ రాత్రి బాగా నిద్రపోయాను.

కొద్ది వారాలకు సులోచన గారు తన బండి సర్వీసుకు తెచ్చారు. పని రాయించాక కూడా కుర్చీలోంచి లేవలేదు.

"మా ఆయన బండి ఇప్పుడు నా బండితో సమానంగా పోతాంది. ఆయనకు సమానం చాలడం లేదు," అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. "నా బండినే కొంచెం తగ్గించేదానికి ఏమన్నా ఉందా? ఆయనకు తెలియకుండా?"

ఉంది. థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోకుండా ఆపే మర ఒకటి బిగిస్తే చాలు. ఆ సంగతి ఆమెకు చెప్పాను, దాంతోపాటు నేను బిగించనని కూడా చెప్పాను. కాన్పు ఏ వేళకు వస్తుందో తెలియదు, ఎద్దుల బండ్ల మధ్య తప్పుకుని పోవలసిన రోడ్డు, బండికున్న బలం బండికి ఉండనివ్వండన్నాను. ఆమె "సరేలెండి. పొద్దున లేస్తే ఆ మాటే వింటాండాను, అందుకని అడిగినాను," అని లేచారు. ఏ మాటో నేను అడగలేదు.

మరుసటి వారమే డాక్టరు గారు బండి తీసుకుని బళ్లారి పోయారు. పెద్ద కార్బొరేటర్ వేయించుకుని వచ్చి, మా గేటు ముందు ఆపి, హారను కొట్టి, నాకు చూపించి మరీ పోయారు. శబ్దం నిజంగానే గంభీరంగా ఉంది. సాఫు రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు బాగానే పోయేదట. ఆమెను ఒకసారి దాటారని కూడా విన్నాను. ఊళ్ళో తిరిగేటప్పుడు మాత్రం ఉన్నట్టుండి తొక్కితే తడబడేది, వేడి మీద ఆపితే మళ్ళీ స్టార్ట్ కావడానికి మొరాయించేది. నాకు ఎవరో ఈ సంగతులు చెబుతుంటే లోపల తృప్తిగా ఉండేది.

పత్తి తీతల కాలంలో ఒక మధ్యాహ్నం డాక్టరు గారి కాంపౌండరు మా దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఎమ్మిగనూరు నుంచి ట్రంక్ కాల్ వచ్చింది. పత్తి చేలల్లో కూలికి పోయే ఒక ఆడమనిషిని ఎద్దుల బండి మీద తెచ్చారు, బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ చేయాలి. భార్య చేసే ఆపరేషన్లకు మత్తు ఇచ్చేది డాక్టరు గారే. అప్పుడే ఒక రోగి ఇంటికి పోయి వచ్చిన బండి ఎంత తిప్పినా స్టార్ట్ కావడం లేదు.

నేను పోయి ప్లగ్గు ఒకటి విప్పి చూశాను. నల్లగా, పెట్రోలుతో తడిసి ఉంది. అన్నీ విప్పి ఆరబెట్టి వేసేంత వ్యవధి లేదు. ఆయన్ను మా వర్క్‌షాపు జీపులో ఎక్కించుకుని బయల్దేరాను. మత్తుమందు సీసాలున్న పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కుదుపులకు సీసాలు తగులుకోకుండా రెండు చేతులతో పట్టుకున్నారు. 

ఊరు దాటాక నా వైపు చూడకుండానే, "నాకు ఆమె మీద అసూయప్పా. ఊరందరికీ తెలిసిందే, నీకు దాచేదేముంది," అన్నారు. ఇద్దరూ కలిసే పైచదువుకు దరఖాస్తు పెట్టారట. ఆమెకు సీటు వచ్చింది, ఈయనకు రాలేదు. ఆమెను చదివించింది తానేనని పదిమందిలో చెప్పుకుంటారట. చెప్పిన ప్రతిసారీ లోపల ఏదో కోసినట్టుంటుందట. "మంచి డాక్టరు ఆమె. అదే నాకు కష్టం," అన్నారు. నేను గేరు మార్చాను.

మేం చేరేసరికి నర్సింగ్ హోం వరండాలోకి బిడ్డ ఏడుపు వినిపిస్తోంది. ఇంక ఆగితే బిడ్డ దక్కదని, చర్మం కింద మత్తు సూదులు వేసుకుంటూ ఆమె ఒక్కరే మొదలుపెట్టి బిడ్డను తీసేశారు. డాక్టరు గారు పెట్టె చేత్తో పట్టుకుని వరండాలోనే నిలబడిపోయారు. ఆయన ముఖం చూడలేక నేను పక్కకు తిరిగాను. తన అవసరం లేకుండానే పని జరిగిపోయినప్పుడు మనిషి ఎలా ఉంటాడో నాకు తెలుసు.

ఆపరేషన్ గది తలుపు కొంచెం తెరుచుకుంది. నర్సు కాదు, సులోచన గారే. గ్లౌజులకు నెత్తురు ఉంది.

"వచ్చినారా? లోపలికి రాండి. బీపీ పడిపోతాంది. నరం దొరకలేదు, నాకు చేతకాలేదు."

ఆయన పెట్టె కింద పెట్టి, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ లోపలికి పోయారు. ఆ మనిషి తాలూకు ముసలామె వరండాలో గోడకానుకుని కూర్చుని ఉంది. నేను మెట్ల మీద కూర్చున్నాను. నర్సు అటూ ఇటూ తిరుగుతూ సీసాలు మోసుకుపోతోంది. చాలాసేపటికి నర్సే చెప్పింది, చేతుల్లో నరాలు అణిగిపోతే సారు చీలమండ దగ్గర కోసి నరం పట్టి సెలైన్ ఎక్కించినారని. పొద్దు వాలేటప్పటికి ఆ తల్లి కళ్ళు తెరిచి నీళ్ళడిగింది.

ఆయన చేతులు కడుక్కుంటుండగా సులోచన గారు బయటికి వచ్చి, ఆలస్యం ఎందుకైందని నన్ను అడిగారు. బండి మొరాయించిందన్నాను. ఆమె దాని గురించి మాట్లాడలేదు. "ఆ నరం ఇంకెవరికీ దొరికేది కాదు. ఆయన చేతికి దొరుకుతాది," అన్నారు. కొళాయి దగ్గరున్న ఆయనకు వినబడేంత గట్టిగానే అన్నారు.

తర్వాత ఇద్దరూ బల్ల మీద పక్కపక్కనే కూర్చుని టీ తాగారు. ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు, ఆ మనిషికి రాత్రికి ఏమేమి ఎక్కించాలో మాట్లాడుకున్నారు. వాళ్ళను చూస్తుంటే నాకు అసూయ పుట్టింది. ఇబ్రహీం ఉస్తాద్ పనిమంతుడైతే నా పని తగ్గుతుందని నేను లెక్క వేసుకుంటూ బతుకుతున్నాను. ఒకరికి చేతకానిది ఇంకొకరికి చేతనైతే ఇలా కూర్చుని టీ తాగవచ్చని నాకు తోచనే లేదు.

మర్నాడు డాక్టరు గారు బండిని తోయించుకుని మా వర్క్‌షాపుకు తెచ్చారు. పాత కార్బొరేటర్‌ను ఉస్తాద్ గుడ్డలో చుట్టి ఇచ్చాడట, అది నా బల్ల మీద పెట్టారు. తిరిగి వేయమన్నారు. విప్పుతుంటే, పెద్ద కార్బొరేటర్ కూర్చోవడానికి ఉస్తాద్ చేసిన అల్యూమినియం పలక చేతికి వచ్చింది. అంచులు ఎక్కడా గరుకు లేవు, రంధ్రాలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయి. నా వర్క్‌షాపులో అలాంటిది చేయగలిగినవాడు లేడు. పని తప్పని చెప్పగలను గాని పనితనం తప్పని చెప్పలేను. అదే నన్ను ఎక్కువ మండించింది.

ఆ తర్వాత ఐదారేళ్ళకు సులోచన గారి బండి ఇంజను దించవలసి వచ్చింది. సిలిండర్లు బోరు చేయించి పెద్ద పిస్టన్లు వేశాం, ఎక్కువ కంప్రెషన్ ఇచ్చే కొత్త హెడ్ బిగించాం. పని అయ్యాక గేజ్ పెట్టి అదే మిట్ట ఎక్కించాను. ముల్లు పడలేదు. ఖాసిం సాబ్ ముందుగా పెడల్ కింద చూశాడు. ఏమీ లేదు. బిళ్ళ నిలువుగానే తెరుచుకుంటోంది. ఈసారి ఇంజనే పెరిగింది, గొంతు దానికి చాలడం లేదు. పెద్దది వేయాలి.

ఆ మాట చెప్పడానికి నాకు భయమేసింది. ఎందుకంటే బండి గురించి కనుక్కోవడానికి వచ్చింది డాక్టరు గారే.

ఆయన విని, "అవసరమేనా?" అని మాత్రం అడిగారు.

"అవసరమే సార్. మిట్ట ఎక్కించి ముల్లు మీరే చూడండి."

చూశారు. వేయమన్నారు. అంతటితో నా కష్టం తీరలేదు, ఈ కార్బొరేటర్‌కు కుదిరే పలక కావాలి, నా దగ్గర అది చేయగలవాడు లేడు. బళ్లారి పోయాను. ఇబ్రహీం ఉస్తాద్‌ను ఎదురుగా చూడటం అదే మొదటిసారి. నేనెవరో తెలిసి, పని ఆపి కుర్చీ వేశాడు. పలక చేస్తూ, మార్చాలో వద్దో మీరు ఎట్ల తేల్చుకుంటారని అడిగాడు. గేజ్ సంగతి చెప్పడానికి నాకు వెంటనే మనసు రాలేదు. టీ తాగడం అయ్యాక చెప్పాను. పెడల్ కింద చూడాలన్నది కూడా చెప్పాను.

సులోచన గారి బండి గేటు దాటి పోతుంటే డాక్టరు గారు నా పక్కనే నిలబడి, అది మలుపు తిరిగేదాకా చూశారు. "మరి నా బండికి?" అన్నారు. మీ బండికి అవసరం లేదన్నాను. "తెలుసులే, అడిగినాను," అన్నారు. ఆయన అసూయ పోయిందని నేను చెప్పను. పోలేదు. నాదీ పోలేదు. అసూయ ఉండగానే ఆయన భార్య బండికి పెద్ద కార్బొరేటర్ వేయించారు, నేను బళ్లారి పోయి వచ్చాను.

రిటైరయ్యేదాకా నేను మానకుండా పాటించినవి రెండు. ఉన్న థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటోందని కంటితో చూడనిదే అది చిన్నదని ఒప్పుకోలేదు. పెద్దది కావాలని ఎవరు వచ్చినా, బానెట్ ఎత్తే ముందు, ఎవరి బండి చూసి వచ్చారని అడిగేవాణ్ణి. చాలామంది ఆ ప్రశ్నకు జవాబు చెప్పి, కొంతసేపు కూర్చుని, బండి తీసుకుని వెళ్ళిపోయేవారు.